తీగ రుచి

మా ఆవిడ తమ్ముడు ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్ల మెకానిక్కు. నేనేమో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాణ్ణి. ఎనభైల్లో ఒక ఎండాకాలం, నేను సొంతంగా తయారుచేసిన నీటితుంపరల కూలర్ ఆగిపోయింది. కాగితం మీద వైరింగంతా గీసుకుని మూడు రోజులు వెతికినా తప్పు దొరకలేదు. వాడొచ్చి, ప్లగ్గు పీకి, పంపు తీగ జాయింటు విప్పి, కొసను నాలిక మీద ఆనించాడు. ఏ తీగనైనా అలా రుచి చూడటం వాడి అలవాటు.

"ఉప్పుగాలి తినేసింది బావా. టేపు సుట్టేత్తే సరిపోద్దనుకున్నావేటి?"

బ్లేడుతో గీకి, మెలిపెట్టి, గ్రీజు పూశాడు. తుంపర లేచింది. మా ఆవిడ మురిసిపోయి, తమ్ముణ్ణి నా కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అంత చల్లగాలిలోనూ నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇప్పటికీ ఇంట్లో ఏది ఆగిపోయినా, ఎవరూ లేనప్పుడు ప్లగ్గు పీకి, తీగ కొసను నాలిక మీద పెట్టుకుంటాను. మంచి తీగా, చెడ్డ తీగా నాకు ఒకటే రుచి.