రెండో కోతలో పుట్టినదాన్ని

మొన్న మంగళవారం మనవరాలి చేత సాంఘికశాస్త్రంలో చరిత్ర ఆధారాల పాఠం చదివిస్తుంటే, శాసనాలు, నాణేలు, అమరావతి శిల్పాలు అన్నీ అయ్యాక, పెద్దలు నోటితో చెప్పేవి కూడా ఆధారాలేనని చివర రెండే వాక్యాల్లో తేల్చేశారు. నాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. నా బతుకు నిలబడింది ఆ రెండు వాక్యాల మీదే మరి.

మా తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, పుట్టినరోజు తెలియని పిల్లలందరికీ బడిలో జూలై ఒకటి అని రాసేసేవారు. మా తరగతి ముప్పై ఒక్కమందిలో పంతొమ్మిది మందిమి ఆ ఒక్కరోజునే పుట్టాం. నేను టీచర్ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టేదాకా అదెవరికీ తప్పనిపించలేదు. జూన్ ముప్పైకి పదిహేడేళ్లు నిండాలన్నారు. కాగితం ప్రకారం నాకు ఒక్కరోజు తక్కువ. వచ్చే ఏడు రమ్మన్నాడు గుమాస్తా. అయితే అప్పటికే నన్ను పొగాకు కంపెనీలో ఆకు ఏరే గ్రేడింగు పనికి పంపుతానని నాన్న మాట ఇచ్చేశాడు. అటు వెళ్లిన మా పేట ఆడపిల్లలెవరూ మళ్లీ పుస్తకం పట్టలేదు.

పత్తికట్టె పీకుతున్న అమ్మను అటునుంచి అటే మా సోషల్ మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను.

"ఇది రెండో కోతలో పుట్టిందయ్యా. తొలికోత కాయ ఇంకా కల్లంలోనే ఉంది. నాకు తారీకులు తెలీవు గానీ, మిరప కోతలు తెలీవా?" అంది అమ్మ.

"అయితే మిరపకాయల్ని సాక్ష్యానికి పిలవమంటావా?" అని మాస్టారు నవ్వారు.

ఎన్నడూ ఎదురు చెప్పనిదాన్ని, నోటిమాటను రాతతో సరిచూడాలని మీరే చెప్పారు కదండీ అన్నాను. ఆయన నవ్వు ఆపి, చెప్పులు తొడుక్కుని, నాకు బాప్తిస్మం ఇప్పించిన చర్చికి మాతో వచ్చారు.

బాప్తిస్మపు రిజిస్టరు ఇటుకంత లావుంది. పాస్టరుగారు ఎక్కడ వెతకాలన్నారు. రెండో కోతంటే మాఘ ఫాల్గుణాలు కనుక ఫిబ్రవరి, మార్చి పుటలు తీశాం. మార్చి నాలుగు, ఆదివారం, నాన్న పేరు, 'ఆడశిశువు, పన్నెండు రోజులు'. ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవైతొమ్మిది రోజులు. వెనక్కి లెక్కిస్తే ఇరవైఒకటో తేదీ వచ్చింది. ఒక్కరోజు తక్కువైనదాన్ని నూట ఇరవైతొమ్మిది రోజులు ఎక్కువయ్యాను!

మాస్టారు ఉత్తరం రాశారు, కింద అమ్మ వేలిముద్ర వేసింది. గుమాస్తా రెండుసార్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుని నా దరఖాస్తు తీసుకున్నాడు. సీటొచ్చింది.

"నా నోటిమాట మీద సర్కారోళ్లు తారీకు మార్చారే!" అని అమ్మ చేలో అందరికీ చెప్పుకుంది.

"ఇంకనేం, ఇహ నువ్వే కలెక్టరమ్మవి" అని మా అత్త ఎకసెక్కమాడితే, అవునంటూ ఆ రోజంతా తలపాగా ఎత్తి కట్టుకుని పనిచేసింది.

తర్వాత ముప్పై ఆరేళ్లు నేనూ సోషలే చెప్పాను. ఈ పాఠం వచ్చిందంటే ముందు మీరెప్పుడు పుట్టారో మీ అమ్మలను అడిగి రండని ఇంటికి పంపేదాన్ని. శనగ పీకేటప్పుడని ఒకరు, వేటకు వెళ్లిన పడవలు వాడరేవుకు తిరిగొచ్చిన పొద్దునని ఒకరు, పోటీలు పడి చెప్పేవారు.

ఇప్పుడు గంటా నిమిషంతో సహా అచ్చయిన కాగితం బిడ్డతోపాటే ఇంటికొస్తోంది. మంచిదే, ఏ పిల్లకూ ఒక్కరోజు తక్కువ కాదు. అమ్మను అడగాల్సిన పని మాత్రం లేకుండా పోయింది. ఇన్ని తేదీలు రాసిపెట్టుకున్న నేను కూడా, అమ్మ తానెప్పుడు పుట్టిందో ఒక్కనాడూ అడగలేదు. చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు.