బావను లేపే పాట

నా పాటల గురించి నాలుగు ముక్కలు రాసినవాళ్లంతా నన్ను పంక్ అన్నారు, అంటే కోపంతో అరిచే ఇంగ్లీషు పాటల బాపతు. కొందరు డప్పు పంక్ అన్నారు. ఒకాయన ఎడారి జానపదం అని కూడా అన్నాడు. ఏమన్నా నాకు అభ్యంతరం లేదు, పేర్లు పెట్టేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు. ఏ కంపెనీ నా పాట వేయలేదు, నేనూ ఏ కంపెనీ గుమ్మం ఎక్కలేదు. షార్జాలో, రోలా సందుల్లో, ఒక్కొక్కటిగా కాపీ చేసి పంచిన కేసెట్ల మీదే నా పేరు నడిచింది. అయితే మొదటి కేసెట్ సంగతి ఎవరు అడిగినా మాట మార్చేవాణ్ణి. ఇప్పుడు మాట మార్చే ఓపిక కూడా లేదు కనుక చెప్తున్నాను.

మాది కరీంనగర్ వైపు పల్లె. డప్పు మా ఇంటి పని. ఊళ్లో ఎవరు పోయినా మా నాయన డప్పు వేడి చేసుకుని శవం ముందు నడవాలి, ఆయన వెనక నేను నడవాలి. జ్వరమొచ్చినా, పరీక్ష ఉన్నా, పిలుపొస్తే వెళ్లాల్సిందే. మనం వాయించకపోతే పీనుగు లేవదు, వాయించాక మాత్రం మనల్ని గడపలోకి రానివ్వరు. దుబాయ్ ఎందుకొచ్చావని అడిగితే సంపాదనకని చెప్పేవాణ్ణి. అసలు సంగతి, ఆ డప్పును భుజం మీంచి దించడానికి వచ్చాను. ఎనభైల మొదట్లో అజ్మాన్ పక్కన ఒక క్యాంపులో చేరాను. సెంట్రింగ్ పని. రూముకు పన్నెండు మందిమి.

మా బావదీ అదే రూము, నా పక్క మంచమే. వరసకు బావ, మా వాడకట్టు వాడే, చిన్నప్పుడు నాయన దగ్గర నాతోపాటే డప్పు నేర్చుకున్నవాడు. పెళ్లయిన నాలుగో నెలలో విమానం ఎక్కాడు. మంచివాడు, ఒక్కటే జబ్బు: నిద్ర. తెల్లవారి బస్సు వచ్చి హారన్ కొట్టినా లేచేవాడు కాదు. రోజూ వాణ్ణి లేపడం నా డ్యూటీ.

ఒకనాడు సైటులో ఇంగ్లీషు ఇంజనీరు పికప్‌లో వదిలేసిన కేసెట్ డ్రైవర్ నా చేతిలో పెట్టాడు. ఖరాబైంది, తీసుకో అన్నాడు. రూములో పెట్టి విన్నాం. టేపు నలిగిందనే మేమూ అనుకున్నాం. రెండోసారి విన్నాక తెలిసింది, నలగలేదు, వాళ్లు కావాలనే అలా అరుస్తున్నారు. వాయించడం సరిగ్గా రాదు, రాదని దాచుకోవడం కూడా లేదు. ఎవడి మీదో కోపం, ఆ కోపాన్ని ఎవరూ సర్దుకోమనడం లేదు.  ఇరవై ఆరేళ్లు నేను మింగిన కోపాన్ని ఎవడో తెల్లవాడు నా బదులు కక్కుతున్నాడని నాకు అసూయ వేసింది.

రోలాలో నెల్లూరు నుంచి వచ్చిన దర్జీ ఒకాయన ఉండేవాడు. ఆయనకు బుల్‌బుల్ తరంగ్ వచ్చు, మీటలు నొక్కి వాయించే తీగల వాద్యం. దాన్ని పాత రేడియో స్పీకరుకు కలిపితే రంపంతో ఇనుము కోసినట్టు మోగేది. శుక్రవారం నమాజు తర్వాత కొట్టు తలుపు వేసి మాకిచ్చేవాడు. బక్రీదు మేకతోలు ఆయనే సంపాదించిపెట్టాడు, నేను సైటు ఇనుపచువ్వను గుండ్రంగా వంచి తోలు బిగించాను. దించుకుందామని వచ్చినదాన్ని మళ్లీ నేనే ఎత్తుకున్నాను. కానీ ఈసారి ఎవరూ పిలవలేదు, నా ఇష్టంతో ఎత్తుకున్నాను. అప్పుడది నాకు చాలా పెద్ద తేడా అనిపించింది.

మొదటి పాట బావ నిద్ర మీదే కట్టాను. వాణ్ణి పేరు పెట్టి పిలుస్తాను. 'లే బావా, బండొచ్చింది లే, యల్లా, ముదీర్ వచ్చిండు లే, నువ్వు లేవకుంటే నేనేం జెప్పాలె' అని అరుస్తాను. యల్లా అంటే పద, ముదీర్ అంటే మా మేనేజరు. వాడు పలకడు. పాటంతా అంతే. నవ్వుకోవడానికి మొదలుపెట్టాం, పాడుతుంటే నవ్వు పోయింది. తెల్లవారి నాలుగింటికి పన్నెండు మంది మగవాళ్లు ఎందుకు లేస్తున్నారో ఒక్కడికీ సమాధానం లేని సంగతి ఆ పాటలోకి వచ్చేసింది. దానికి ఏ దరువు వేసినా అతకలేదు. చివరికి నా చేయి దానంతటదే చావు దరువు పట్టింది. పీనుగు ముందు వేసే దరువు, నిదానంగా మొదలై, ఉరుకందుకుని గుండె పట్టుకునేది. ఆ ఇంగ్లీషు పాటల్లో ఉన్న ఉరుకు దాంట్లోనే ఉంది.

బావ తాళానికి కొడుతున్న రేకుడబ్బా పక్కన పెట్టేశాడు. "బామ్మర్ది, గా దరువు వద్దు. గది పీనుగు ముంగట కొట్టేది."

"ఈడ ఎవనికెరుక బావా," అన్నాను.

"నాకెరుక గదరా."

నాకు కోపమొచ్చింది. ఊళ్లో మనల్ని కూచోబెట్టిన చోటే ఇక్కడా కూచుంటావా అని తిట్టాను. దర్జీ ఆయన మా ఇద్దరి మధ్యా సర్దిచెప్పాడు. "ఆయన దుఃఖం ఆయన వాయించుకుంటుండాడు, పోనీలే భాయ్." బావ రేకుడబ్బా తీసుకున్నాడు. చప్పుడు లేకుండా ఉండాలని ఏసీ ఆపేసి, చెమటలు కారుతుండగా, ఒక్క విడతలో రికార్డు చేశాం. మధ్యలో దర్జీ ఆయన తీసిన రాగం ఎవరో వెక్కి వెక్కి ఏడ్చినట్టే వచ్చింది. అంతకన్నా మంచి పాట నేను మళ్లీ కట్టలేదు.

ఆ రోజుల్లో మాకు ఉత్తరమంటే కేసెట్టే. బావకూ చదువు లేదు, వాడి భార్యకూ లేదు. సెలవు మీద ఎవరైనా ఊరికి పోతుంటే టేపులో మాట నింపి ఇచ్చేవాళ్లం. ఆ వారం జగిత్యాల దిక్కు పోయేవాడొకడు గంటలో బయల్దేరుతున్నాడు, బావ దగ్గర ఖాళీ టేపు లేదు. నా పాట కాపీ చేసిన కేసెట్ ఒకదానికి రెండో వైపు ఖాళీగా ఉంది. దాంట్లో మాట్లాడమని నేనే ఇచ్చాను. వాడు వద్దనే అన్నాడు. నేనే బలవంతం చేశాను. టేపు లేక ఇబ్బంది పడుతున్నాడని కాదు. ఆ పాట మా నాయన చెవిన పడాలని. చేయి మరవలేదని, ఎవడూ పిలవకపోయినా వాయిస్తున్నానని ఆయనకు తెలియాలని. బావ తన మాట ఉన్న వైపు నీలం ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి ఇచ్చాడు. ఆ నీలం ముక్కకు అర్థం అక్కడ ఎవరికి తెలుస్తుందో మేమిద్దరం ఆలోచించలేదు.

పదిరోజులకు ముదీర్ సైటులో అందరి ముందూ బావను పిలిచాడు. చేతిలో టెలిగ్రాం ఉంది. "తుమ్ మర్ గయా," అన్నాడు. "ఘర్‌వాలా బాడీ మాంగ్‌తా." నువ్వు చచ్చిపోయావట, ఇంటివాళ్లు శవం అడుగుతున్నారని. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బావ కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే నాకు ఆ క్షణమే అర్థమైంది. బావ ఇంటి ముందు పదిమంది కూచుని టేపు పెట్టి ఉంటారు. మొదట చావు దరువు వచ్చి ఉంటుంది. తర్వాత నా గొంతు, వాణ్ణి పేరు పెట్టి లే బావా లే అని ఏడుస్తూ. వాడు పలకడు. శవం ఇంకా పంపలేక, ముందు ఆ ఏడుపునే టేపులో పంపామనుకున్నారు. రెండో వైపు తిప్పి ఉంటే బావ మాట వినే ఉంటారు, కానీ అది బతికున్నప్పుడు చెప్పి పెట్టుకున్న మాట అనుకుని ఇంకా ఏడ్చి ఉంటారు.

ఆ సాయంత్రమే టెలిగ్రాం ఇచ్చాం: బాగున్నాడు, భయం లేదు. అదే మేము చేసిన రెండో తప్పు. దుబాయ్‌లో ఎవడు పోయినా మా ఊళ్లకు మొదట పోయే కబురు అదే. బాగున్నడు, జర జ్వరం, వస్తుండు. నిజం ఒక్కసారే చెప్తే ఆడవాళ్లు తట్టుకోలేరని అందరం అలాగే రాసేవాళ్లం. నేనూ ఇద్దరికి అలా రాశాను. మంచిగున్నడని వచ్చిన టెలిగ్రాం చదివించుకుని వాళ్లు మిగిలిన ఆశ కూడా వదులుకున్నారు. టేపు తెచ్చినవాడు కూడా మంచిగున్నడని చెప్పి, ఇంకా ఊళ్లు తిరగాలని మంచినీళ్లు తాగకుండా పోయాడట. అది కూడా సాక్ష్యమైంది.

ట్రంక్ కాల్ పెట్టాం. రెండు శుక్రవారాలు టెలిఫోన్ ఆఫీసులో కూచుంటే లైను దొరికింది. అవతల బావ అన్న ఉన్నాడు. బావ గొంతు చించుకున్నాడు, "అన్నా, నేనే, నేనే." లైనులో గాలి. అన్న కాసేపు విని, "ఎవల్రా నువ్వు, మా తమ్ముని లెక్క మాట్లాడుతున్నవ్? మా దుఃఖం మీకు ఆటనా?" అని పెట్టేశాడు. బావ రిసీవరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లు ఖలాస్, ఖలాస్, అయిపోయింది జరుగు అని తొందరపెట్టారు.

తర్వాత వేరే ఊరివాళ్ల ద్వారా ఒక్కొక్క ముక్క తెలిసింది. గాజులు పగలగొట్టారు. పదకొండో రోజు చేశారు. బావ భార్యను పుట్టింటివాళ్లు తీసుకుపోయారు. ఇరవై ఏళ్ల పిల్ల, మాలో మారుమనువు తప్పు కాదు, సంబంధం చూస్తున్నారు. ఫోటో తీయించి పంపాం, పాత ఫోటో అన్నారట. బతికున్న మనిషి బతికున్నానని రుజువు చేసుకోవడానికి ఒక్కటే దారి మిగిలింది, పోయి గడపలో నిలబడటం. వాడి పాస్‌పోర్టు కఫీల్ పెట్టెలో ఉంది, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని దగ్గర. వాడి సెలవుకు ఇంకా పదమూడు నెలలుంది.

బావ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను చంపింది. తెల్లవారి లేపాల్సిన పని లేకుండా పోయింది, నేను కళ్లు తెరిచేసరికే మంచం మీద కూచుని ఉండేవాడు. తినేవాడు కాదు. ఒకరోజు నాలుగో అంతస్తు అంచున నిలబడి కిందికి చూస్తుంటే నేను పోయి చేయి పట్టుకున్నాను. "భయపడకు," అన్నాడు. "సచ్చినోడు మల్ల ఏం సస్తడు."

ఆ నెల సెలవు నాది. మూడేళ్లకు వచ్చిన మొదటి సెలవు. నేను ముదీర్ కాళ్లు పట్టుకున్నాను. అబద్ధం కాదు, నిజంగానే పట్టుకున్నాను, మా ఊళ్లో ఎవరి కాళ్లూ పట్టుకోనని పంతం పట్టి వచ్చినవాణ్ణి. నా టికెట్ మీద వాణ్ణి పంపమన్నాను. మూడు రోజులు తిప్పాడు. చివరికి ఒప్పుకున్నాడు: వాడి వీసా కేన్సిల్, మళ్లీ రాకూడదు, నేను ఇంకో రెండేళ్లు సెలవు అడగకూడదు. వేలిముద్ర చాలన్నా వినకుండా సంతకం చేశాను. విమానాశ్రయంలో బావ నా భుజం మీద చేయి వేశాడు. తర్వాత లోపలికి పోయాడు.

నలభై రోజులు ఏ కబురూ లేదు. ఆ నలభై రోజులూ నేను మనిషిని కాను. ఆ పిల్లను ఇచ్చేసి ఉంటారా అన్న ఒక్క ప్రశ్నతో సెంట్రింగ్ పలక మీద పలక కొడుతూ గడిపాను. తర్వాత ఒక కేసెట్ వచ్చింది.

మొదట బావ. భార్యకు సంబంధం ఖాయమయ్యే రెండు రోజుల ముందు చేరాడట. వాడిని చూసి వాడి భార్య తల్లి గుమ్మంలోనే పడిపోయిందట. తర్వాత వాడి భార్య. "అన్నా, ఈయన ఒంటి మీద చెయ్యేస్తే సుత నమ్మబుద్ధి కాలే. రాత్రి లేచి లేచి చూస్తున్న, ఊపిరున్నదా లేదా అని." ఆ మాట విని దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆపేయబోతుంటే దగ్గు వినిపించింది. మా నాయన. మైకు ముందు ఆయన ఎన్నడూ మాట్లాడలేదు, ఎవరో చెప్తే ముందుకు జరిగినట్టున్నాడు.

"కొడుకా, ఆ టేపు పెట్టినప్పుడు ఎవ్వలూ నమ్మలే. పాటనేమో అన్నరు. నన్ను పిలిచి అడిగిండ్రు. నేను ఇన్న. ఇది నా కొడుకు చెయ్యి అన్న. నేను నేర్పిన చెయ్యి అన్న. బతికున్నోనికి నా కొడుకు ఆ దరువు కొట్టడు, పిల్లగాడు పోయిండు అని నేనే చెప్పిన. నా మాట మీదనే ఆ పిల్ల గాజులు పగలగొట్టిండ్రు." మళ్లీ దగ్గాడు. "ఇగ నేను డప్పు ముట్ట కొడుకా. నా మాటకు ఇలువ లేదు. నువ్వు మంచిగ తిను."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ చేయి నాదేనని గుర్తుపట్టాడు, నేను కోరుకున్నదీ అదే. ఊరంతా అనుమానిస్తుంటే ఆయన ఒక్కడే నా వైపు నిలబడి సాక్ష్యం చెప్పాడు, ఆ సాక్ష్యమే ఒక ఆడపిల్లను విధవను చేసింది. నేను జవాబు పంపలేదు. సెలవు వచ్చాక ఎదురుగా చెప్పుకుంటాననుకున్నాను.

ఆ పాట మాత్రం రోలాలో పాకింది. మలయాళీలు, పఠాన్లు, ఒకరిద్దరు తెల్లవాళ్లు కూడా కాపీ చేసుకున్నారు. అందరూ ఆ దరువు ఎక్కడిదని అడిగేవారు. నేను ఇంకో మూడు కేసెట్లు చేశాను, పేరొచ్చింది, ఆ దరువు మళ్లీ వేయలేదు.

నేను సంతకం పెట్టిన రెండేళ్లకు నాలుగు నెలలు తక్కువ ఉండగా నాయన పోయాడు. ముదీర్‌కు చావు టెలిగ్రాం చూపించాను, ఆయన నా సంతకం చూపించాడు. బావ మాట పంపాడు. ఆ టేపు తర్వాత వాడూ డప్పు ముట్టడం మానేశాడట, ఊళ్లో ఇంకెవరూ పట్టేవాళ్లు లేక పక్క ఊరి నుంచి పిలిపించారట. "కొట్టిండ్రు బామ్మర్ది, కని దరువు సక్కగ రాలే వాళ్లకు," అన్నాడు.

ఆ దరువు నాకు బాగా వచ్చు.