అన్నింటికీ అవును

ఇప్పుడంటే ఎవరు ఎలాంటివాళ్లో ఫోనే చెప్పేస్తోంది గానీ, నేను డిగ్రీ ముగించి మొదటి ఉద్యోగంలో చేరిన ఆ వేసవికి మావైపు వ్యవహారం ఇంకా అంత దూరం రాలేదు. మనిషిని తెలుసుకోవాలంటే వాళ్ల నాన్న పేరు, వాళ్ల తోటలో ఏ రకం చెట్లున్నాయో అడిగితే సరిపోయేది. నా విషయంలో అదీ అక్కర్లేదు. "ఆ మాట్లాడని పిల్లా?" అంటే నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ దాకా ఏ బస్సు కండక్టరైనా గుర్తుపట్టేవాడు (టికెట్ అడగడానికి మొహమాటపడి, ఆయన నావైపు చూసేదాకా చిల్లర పట్టుకుని నిలబడేదాన్ని). నా మాటలన్నీ డైరీకే.

మామిడికాయల్ని రకాలుగా విడదీసి లారీలకెత్తే షెడ్డులో, వెనక గదిలో నా పని. ఏ రైతు కాయ ఏ లారీలో వెళ్లిందో రిజిస్టరులో రాయడం, రాసేది లేనప్పుడు దాని కింద దాచిన నవల చదువుకోవడం. ఇంతకన్నా హాయైన ఉద్యోగం ఉంటుందా అని డైరీలో రాసుకున్న వారానికే మా మేనేజరు సారు విజయవాడలో ఏదో ట్రైనింగుకు వెళ్లొచ్చారు. మనుషులు పదహారు రకాలట, ఎవరు ఏ రకమో తేలితే ఎవరికి ఏ పని ఇవ్వాలో తేలిపోతుందట. కాయలు ఏరే పిన్ని (చాట్రాయి ఆవిడ, షెడ్డంతటికీ పిన్నే) అంతా విని, "పదహారేనా అండీ? మా ఇంట్లో ఆరుగురం, ఆరు రకాలం. మిగతా ఊరంతా పదిట్లో సర్దుకోవాలా?" అంది.

ముందు నన్నే కూర్చోబెట్టారు. ఫోనులో అరవై ప్రశ్నలు, అవును లేదా కాదు. సారు నా కుర్చీ వెనకే నిలబడ్డారు. 'కొత్తవారితో మాట్లాడటం మీకు ఇష్టమా?' పెద్దాయన అంత దూరం వెళ్లి నేర్చుకొచ్చి, మన గురించి ఇంత శ్రద్ధగా అడిగిస్తుంటే మొహం మీద కాదని ఎలా అంటాం? అవును. 'పదిమందిని నడిపించడం మీకు ఆనందమా?' అవును. 'వాదనలో వెనక్కి తగ్గరా?' అవును. చుట్టాలింట్లో కడుపు నిండాక కూడా ఇంకాస్త పప్పు వెయ్యనా అంటే తలూపుతామే, అలాంటి అవునులు అవి. ఆ సంగతి పరీక్ష తయారుచేసినవాళ్లకు ఎవరు చెప్పాలి? 'జన్మతః నాయకురాలు' అని వచ్చింది.

మర్నాడు నన్ను ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పిన్ని తేల్చిన రకాన్ని రైతుకు చెప్పి ఒప్పించడం నా పని. విస్సన్నపేట నుంచి వచ్చే ఒక రైతు (నేను బాబాయ్ అనేదాన్ని) తన కాయలమీద చెయ్యేసి, "ఏంటమ్మాయ్, ఇది రెండో రకమా? నా మొహం చూసి చెప్పు" అన్నాడు. అక్కడే తప్పు జరిగింది, మొహం చూశాను. "కాదు బాబాయ్, మొదటి రకమే" అన్నాను. నాలుగు రోజుల్లో మా షెడ్డులో రెండో రకం అనేదే లేకుండా పోయింది. అయిదో రోజున మచ్చకాయలున్నాయని లారీ వెనక్కి తిరిగొచ్చింది.

"పరీక్షలో అంత బాగా వచ్చింది కదమ్మా. నువ్వే మనసు పెట్టట్లేదు. ఇంకోసారి ఇలా జరిగితే నేనేం చెయ్యలేను" అన్నారు సారు. ఉద్యోగం పోతుందని వెనక గదిలో ఏడుస్తుంటే పిన్ని వచ్చి, "ఏదీ, నా ముందు ఓసారి ఆ పరీక్ష రాయి పాపా" అంది. పిన్ని దగ్గర నాకు మొహమాటం లేదు. 'ఏకాంతప్రియ' అని వచ్చింది. ఆవిడ నా ఫోను తీసుకెళ్లి చూపిస్తే సారు నమ్మలేక మళ్లీ రాయమన్నారు. మళ్లీ కుర్చీ వెనక నిలబడ్డారు. మళ్లీ నాయకురాలినయ్యాను.

అప్పుడు పిన్ని తను పొద్దున ఏరిన పది కాయలకు సారు చేతే అడుగున రకానికో చిన్న గుర్తు పెట్టించి, గంపలో కలిపేయించింది. కింద చూడకుండా ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. పదీ పొద్దుటి రకాల్లోకే వెళ్లాయి. "మీ ఫోను పరీక్ష ఇదే పిల్లని పూటకో గంపలో వేస్తోందండీ" అంది.

సారు ఒక కాయ తిప్పి అడుగున గుర్తు చూసుకుని, "మరి ఈ అమ్మాయిని నువ్వు ఏ గంపలో వేస్తావ్ పిన్నీ?" అన్నారు.

"ఇంకా పచ్చిది కదండీ, ఇప్పుడే ఏం చెప్తాం? ఈ సీజను నా పక్కన గడ్డిలో పెట్టండి, చూద్దాం."

అలా ముందు బల్ల దగ్గరే, పిన్ని పక్కన నాకు చోటు దొరికింది. పది రోజులకు బాబాయ్ మళ్లీ లోడు తెచ్చాడు. ఈసారి మొహం చూడలేదు, కాయ చూశాను. "మచ్చుంది బాబాయ్. రెండో రకమే" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా. పిన్ని మోచేత్తో పొడిచింది. గట్టిగా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఈ ముక్క ఆ రోజే అనుంటే లారీ తిరిగొచ్చేది కాదుగా అమ్మాయ్" అని తలపాగా దులుపుకుని కూర్చున్నాడు.

అయిదు వేసవులయ్యాయి. ఇప్పుడూ అదే బల్ల, అదే డైరీ. మొన్న ఎవరో ఆ పరీక్షే మళ్లీ పంపిస్తే, వెనక ఎవరూ లేకుండా చూసుకుని నిజాయితీగా రాశాను. 'కఠిన హృదయురాలు' అని వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో, 'ఈ ఫలితం మీకు సరిగ్గా సరిపోయిందా?' అని అడిగింది. కాదు నొక్కబోయాను. పాపం ఎవరో అరవై ప్రశ్నలు కూర్చుని రాసుంటారు కదా అనిపించింది.

అవును నొక్కాను.