నా పొట్టలో వల

పడవకి లంగరు వెయ్యడం మీరు చూసే ఉంటారు. మనిషి తన పొట్టకే లంగరు వేసుకోవడం మాత్రం చూసి ఉండరు. ఆ ప్రళయం నా ఒంటి మీదే జరిగింది. నవ్వేటప్పుడు పొట్ట పట్టుకోండి. కుట్లున్నవాళ్ళు మరీ గట్టిగా పట్టుకోండి.

బందరు పక్కన గిలకలదిండి రేవులో చేపల బోటు నడుపుతాను. వలలు లాగి లాగి గజ్జల్లో హెర్నియా వచ్చింది. ఏటా వేసవిలో గవర్నమెంటు పెట్టే చేపల వేట నిషేధం రోజుల్లో ఆపరేషన్ చేయించుకుంటే, నిషేధం ఎత్తేసేసరికి మళ్ళీ సముద్రం మీద ఉండొచ్చనుకున్నాను. బోటు కదలకపోతే మా ఇంట్లో పొయ్యి కూడా కదలదు మరి.

బందరు డాక్టరమ్మ గారు లోపల ప్లాస్టిక్ దారంతో అల్లిన చిన్న వల పెట్టారు. "పైన వేసిన కుట్లు వాటంతటవే కరిగిపోతాయండీ. లోపలి వల జీవితాంతం ఉంటుంది" అని చెప్పారు. నా చెవిన పడింది ఒక్క వల మాటే. వలల సంగతి నాకు ఒకరు చెప్పాలా?

నిషేధం ముగియబోతుండగా ఓ పొద్దున స్నానం చేస్తుంటే, గాయం చివర చిన్న దారప్పోగు తొంగిచూసింది. అది లోపలి వల పోగే అనుకున్నాను. వలలో ఒక్క ముడి ఊడితే మిగతావి ఎలా వరస కడతాయో నాకు తెలుసు.

"నాంచారీ! వల ఊడిపోతోందే!"

నా భార్య ఎండుచేపల గంప దించేసి పరుగెత్తుకొచ్చింది. "ఏ వల మావా? బోటు మీదదా?"

"నా లోపలిది!"

"అయితే ఆస్పత్రికి పద."

"వెళ్ళేలోపు మొత్తం ఊడితే? ముందు ఆపాలి. నైలాన్ దారం తే!"

"బుర్రుందా నీకు? అది పొట్ట!"

"పొట్టయితే ఏంటి? పట్టాల్సింది ముడే గదా!"

పళ్ళు బిగబట్టి ఆ పోగుకి నైలాన్ దారం ముడేసి, రెండో కొస మొలతాడుకి కట్టాను. నా అంత తెలివైనవాడు లేడనిపించింది. నిటారుగా నిలబడబోతే మాత్రం ప్రాణం పోయినంత పనైంది. ఆస్పత్రి దాకా ఆటోలో రొయ్యలా ముడుచుకుని కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా నేను "అమ్మో" అంటే, నాంచారి "ఇంకో ముడి వెయ్యి మావా" అని దెప్పింది.

డాక్టరమ్మ గారు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఎవరు కట్టారండీ ఇది?"

"నేనేనండీ. వల ఊడకుండా."

"ఇది వల కాదండీ, కరిగే కుట్టు. ఒంట్లో నీరు తగిలి మెల్లగా ముక్కలై, మూత్రంలోనూ ఊపిరిలోనూ బయటికి పోతుంది. ఒక్కోసారి ఒళ్ళు అందాకా ఆగకుండా మిగిలిన పోగుని పైకి తోసేస్తుంది."

"మరి వల?"

"అది కరగదు, ఎటూ పోదు. దాని సందుల్లోంచి మీ కండ పెరిగి అల్లుకుపోతుంది. మీరు లాగినా రాదు."

వల దేన్ని పట్టుకుందా అని చూస్తూ పెరిగినవాణ్ణి. ఇప్పుడు నా ఒళ్ళే ఒక వలని పట్టుకుని, నన్ను అడక్కుండా తనదిగా చేసుకుంటోంది. ఏది పంపెయ్యాలో, ఏది ఉంచుకోవాలో దానికి తెలిసింది, నాకే తెలియలేదు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ఊరట కలిగింది.

"అయితే వేటకి వెళ్ళొచ్చాండీ?" ఆశగా అడిగాను.

"వెళ్ళేవారేనండీ. వల బాగానే ఉంది. మీ ముడి లాగిన చోటే చర్మం చిరిగింది. అది మానేదాకా ఒడ్డునే ఉండాలి."

నిషేధం ఎత్తేసిన రోజు బోట్లన్నీ కదిలాయి. నాది మా తమ్ముడు నడిపాడు. నేను గట్టు మీంచి చెయ్యి ఊపాను, అదీ మెల్లగా.

నాంచారి నా వైపు చూసి అంది: "గవర్నమెంటు నిషేధం ఎత్తేసింది మావా. నీది మాత్రం నువ్వే వేసుకున్నావు."

సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒంటి మీద ఏ దారం కనిపించినా, అది చొక్కా గుండీదైనా సరే, డాక్టరమ్మ గారిని అడగందే ముట్టుకోను.