రహీమ్‌కి వదిలేసిన పదహారు బార్లు

స్మార్ట్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వస్తున్న రోజుల్లో నేను ఏలూరులోని ఒక రాక్ ట్రూపులో రిథమ్ గిటారిస్టుగా చేరాను. అంతకుముందు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో వాయించినవాణ్ణి. రిథమ్ వాడు వెనక నిలబడి తాళం తప్పకుండా మీటుతుంటాడు. గాయకుడు ఆగినప్పుడు ముందుకొచ్చి సోలో వాయించేవాడు లీడ్. ట్రూపు నడిపే సత్యంగారు లీడ్ స్థానం నాకే ఇస్తానన్నారు. ఈలోగా రహీమ్ వచ్చాడు.

తివాచీలు నేసే ఇంటి కుర్రాడు. పాతికేళ్లుండవు, ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మొదటి రిహార్సల్లో వాడు తీగ వంచి లాగిన స్వరం విన్నాక సత్యంగారు మళ్లీ నావైపు చూడలేదు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదా, ఆ చెవులు నేనే. కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

వాడి సోలో ఏ రోజూ ఒకేలా ఉండేది కాదు. ఎటో వెళ్లిపోయేవాడు. పదహారు బార్లు, అంటే నాలుగేసి దెబ్బల చొప్పున పదహారు వరసలు, పూర్తయ్యేసరికి మాత్రం కాలితో తాళం వేస్తూ ఠంచనుగా నా రిథమ్ మీద వచ్చి వాలేవాడు.

"మీరు మాత్రం ఆగకండి గురువుగారూ. నేనెక్కడికెళ్లినా మీ దగ్గరికే వచ్చేత్తానండి," అనేవాడు.

ఆ మర్యాదకి ఇంకా ఒళ్లు మండేది. పొగరుబోతైతే హాయిగా తిట్టుకునేవాణ్ణి.

తాడేపల్లిగూడెం కాలేజీ ఫెస్టుల్లో పిల్లలు వాడి పేరు పెట్టి అరిచేవారు. నా పేరు మైకులో చెప్పడమే మరిచిపోయేవారు. ఒకసారి మా ఆవిడ కూడా, "రహీమ్ ఎంత బాగా వాయించాడండీ!" అంది. ఆ పూట నేను అన్నం తినలేదు.

కొల్లేటి పక్క ఊళ్లో ప్రోగ్రాం చేసొచ్చాక వాడికి జ్వరం తగిలింది. డెంగ్యూ అన్నారు. ముప్పై నిండకుండానే పోయాడు. ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. ఖననం అయి ఇంటికొచ్చాక, లీడ్ ఇక నాదే అని కూడా అనుకున్నాను.

సంస్మరణ కార్యక్రమం తాడేపల్లిగూడెంలో పెట్టారు. వాడి సోలో నేనే వాయించాలని ఇంట్లో వేళ్లు కాయలు కట్టేలా సాధన చేశాను. తీరా స్టేజి ఎక్కబోతుంటే సత్యంగారు పక్కకి పిలిచారు.

"ఏవండీ, సోలో దగ్గర ఎవరమూ వాయించొద్దండి. వాడి బార్లు వాడికే వదిలేద్దాం. మీరు రిథమ్ ఆపకండి, చాలు."

వదిలేశాం. డ్రమ్ములు ఆగాయి, కీబోర్డు ఆగింది. నా రిథమ్ ఒక్కటే మిగిలింది. ఇన్నేళ్ల వృత్తిలో నా గిటారు ఒంటరిగా జనానికి వినిపించడం అదే మొదలు. ఒక్కరైనా నావైపు చూస్తే ఒట్టు! అందరి చూపూ రహీమ్ నిలబడే చోటు మీదే. పదహారో బారులో అలవాటు చొప్పున నేనూ వాడి పాదం కోసం అటే చూశాను. హాలంతా చప్పట్లు. అన్నీ వాడికే.

కీళ్లనొప్పులతో ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకొచ్చే పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే. లీడ్ ఉన్నా లేకపోయినా రిథమ్ ఆగకూడదు, ఆ ఖాళీని కూడా ఎవడో ఒకడు మొయ్యాలి. ఇక రహీమ్ సంగతంటారా, బతికుంటే ఏదో ఒక రోజు వాడూ తాళం తప్పేవాడు. ఆ ఒక్క ఆశా నాకు లేకుండా చేసి పోయాడు.