ఖాళీగా లేచిన చెక్ ట్రే

ఉద్యోగ విరమణకు రెండేళ్లుందనగా, ఒక వేసవి మొదట్లో నన్ను చిల్లకూరు మండలం సముద్రపు వైపున్న రొయ్యల చెరువులకు మేనేజరుగా వేశారు. నా చదువు పదో తరగతి. మిగిలిందంతా నెల్లూరు గ్రంథాలయంలో ఆదివారాలు కూర్చుని, పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాల నుంచి సంపాదించుకున్నదే. కాలేజీ నుంచి వచ్చేవాళ్లకు పని రాదని కంపెనీలో అందరికంటే గట్టిగా చెప్పేవాణ్ణి నేనే.

ఆ నెలలోనే శ్రావణి టెక్నీషియన్‌గా చేరింది. మత్స్యశాస్త్రంలో ఎమ్మెస్సీ. ఆరు నెలల ప్రొబేషన్, ఆ తర్వాత ఉద్యోగం ఉండేదీ పోయేదీ నా నివేదికను బట్టి. అనుభవం లేదని అంతకు ముందే రెండు చోట్ల తీసేశారని, ఇది కూడా పోతే ఇంట్లో ఇక ఉద్యోగానికి పంపరని తానే చెప్పింది.

మేత వేసిన రెండు గంటలకు, చెరువులో దించి ఉంచిన వల పళ్లేన్ని పైకి ఎత్తి చూడాలి. దాన్నే చెక్ ట్రే అంటారు. అందులో పెట్టిన పిడికెడు మేత మిగిలితే తర్వాతి పూట తగ్గించాలి, ఖాళీ అయితే పెంచాలి. పెంచే కాగితం మీద మేనేజరు సంతకం ఉండాలి. ట్రే ఎత్తే పని పోలమ్మది. పులికాట్ వైపు చేపలు పట్టే కుటుంబం ఆమెది.

ప్రొబేషన్ చివరి నెలలో పోలమ్మ మూడు రోజులు సెలవు పెట్టింది. మూడో నంబరు చెరువులో శ్రావణే ట్రేలు ఎత్తింది. నీళ్లలో చెయ్యి పెట్టినందుకు మెచ్చుకున్నాను కూడా. మూడు రోజులూ ట్రే ఖాళీ. మూడుసార్లు మేత పెంచమని రాసింది, మూడుసార్లూ సంతకం పెట్టాను.

నాలుగో రోజు తెల్లవారేసరికి రొయ్యలు గట్టు వెంబడి పైకి తేలుతున్నాయి. మీటరులో ఆక్సిజన్ బాగా పడిపోయింది. అప్పుడే వచ్చిన పోలమ్మ ట్రే ఎత్తింది. సగం మేత అలాగే ఉంది. మళ్లీ దించి శ్రావణిని ఎత్తమంది. ఆ అమ్మాయి తాడు చకచకా లాగింది. మేత నీళ్లతో పాటు జారిపోయింది.

“బాయిలో చేద లాగినట్టు లాగినావే అమ్మణ్ణీ,” అంది పోలమ్మ. “రొయ్య తినుంటే పళ్లెంలో రెట్ట ఉండాల గదా. చూసినావా?”

శ్రావణి తల అడ్డంగా ఊపింది. పోలమ్మ నా వైపు తిరిగింది.

“పాప కొత్త, సరే. సంతకం పెట్టినావే సారూ, నువ్వేం చూసినావు?”

ఖాళీ అయితే పెంచమనే పుస్తకంలో ఉందన్నాను.

“ఆ రాసినాయనకు పళ్లెం ఎవురు ఎత్తినారో,” అంది.

మూడు రోజులుగా తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లి ఆక్సిజన్‌ను లాగేసింది. మేత ఆపి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ తిప్పించి, నీళ్లు మార్చాం. కొన్ని రొయ్యలు చచ్చాయి, ఎక్కువ భాగం బతికాయి. యజమాని ఫోన్ చేసి, అమ్మాయి పనికిరాదని రాసి పంపమన్నారు. కాలేజీ వాళ్ల గురించి నేను చెప్పేదే నిజమైందని కూడా అన్నారు. అది రాయడం నాకు సులువే, ఆ మూడు కాగితాల మీదా నా సంతకం లేకపోతే. తప్పు ఇద్దరిదీ అని, పోలమ్మ దగ్గర రెండు నెలలు శిక్షణ ఇప్పించి అప్పుడు తేల్చమని రాశాను.

ఆఫీసు ఒప్పుకుంది. అయితే శిక్షకురాలికి డిగ్రీ ఉండాలట, పోలమ్మ పేరు కుదరదన్నారు. నా పేరు వేశారు. నా డిగ్రీ గురించి ఎవరూ అడగలేదు. అలా కాగితం మీద శిక్షకుణ్ణి నేను. గట్టు మీద మాత్రం పోలమ్మ చెబుతుంటే శ్రావణి, నేను చెరో ట్రే ఎత్తేవాళ్లం. నాకంటే ముందు శ్రావణికే చెయ్యి కుదిరింది. ఉద్యోగం ఖాయమైంది.

కాలేజీకి వెళ్లకపోవడమే అనుభవం అనుకుని చాలా ఏళ్లు గడిపాను. ఆ అమ్మాయి కాలేజీలో చదివిందీ నేను సొంతంగా చదివిందీ ఒకే వాక్యం: ట్రే ఖాళీ అయితే మేత పెంచాలి. ట్రే ఎలా ఎత్తాలో ఆమెకు నేర్పడం కాలేజీ తన పని అనుకోలేదు, కంపెనీ తన పని అనుకోలేదు, మేనేజరుగా నేనూ అనుకోలేదు.